కెర్నెల్ స్టోరేజ్ ఫీచర్లకు ఆటోమేటెడ్ టెస్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాదాపూర్‌లో స్టోరేజ్ డ్రైవర్ల మీద పని చేస్తాను. శనివారాలు పొద్దున కొండాపూర్‌లో ఒక మిత్రుడి ఇంటి మేడ మీద, కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లతో కూర్చుంటాను. అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసి వచ్చినవాళ్లుంటారు, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లుంటారు. ప్రశ్నలు మాత్రం ప్రతి బ్యాచ్‌లోనూ అవే. చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌కీ ప్రోగ్రాములకీ మధ్య ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె. ఉదాహరణలన్నీ లైనక్స్‌వే.

స్టోరేజ్ ఫీచర్ అంటే ఏమిటి? డిస్క్ మీద రాయడం, చదవడమే కదా?

రాయడం, చదవడం అందులో చిన్న భాగం. ఫలానా బ్లాకులు ఇక అక్కర్లేదని డిస్క్‌కు చెప్పే డిస్కార్డ్, క్యాష్‌లో ఉన్నది మీడియా మీదికి దించమనే ఫ్లష్, వరుసగా మాత్రమే రాయనిచ్చే జోన్డ్ డిస్కులు, 512కి బదులు 4096 బైట్ల సెక్టర్లు, డిస్క్ జవాబివ్వకపోతే టైమౌట్ అయి మళ్లీ ప్రయత్నించడం, వాడుతుండగానే డిస్క్ పీకేయడం, ఇవన్నీ ఫీచర్లే. సజావుగా నడిచే దారిని రోజూ కోట్ల మంది వాడుతుంటారు, దాన్ని వాళ్లే టెస్ట్ చేసిపెడతారు. ఎవరూ నడవని దారిలోనే బగ్గులు గూడు కట్టుకుంటాయి. చెడిపోయిన సెక్టర్ ఎదురైనప్పుడు కెర్నెల్ ఏం చేస్తుందో మన లాప్‌టాప్‌లో ఏడాదికి ఒకసారి కూడా చూడం. అది చూడ్డానికే టెస్టు.

దీనికి ఖరీదైన హార్డ్‌వేర్ కొనాలా?

అక్కర్లేదు. మొదటి ఆరు నెలలు ఒక్క రూపాయి పెట్టకండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి పాత ఎస్‌ఎస్‌డీలు బేరమాడి తెచ్చుకున్న కుర్రాడొకడు ఉన్నాడు మా దగ్గర. వాటికన్నా కెర్నెల్‌లోనే ఉన్న నకిలీ డిస్కులే వాడికి ఎక్కువ పనికొచ్చాయి.

మొదటిది నల్‌బ్లాక్. పేరు టైప్ చేసేటప్పుడు నల్‌కీ బీఎల్‌కేకీ మధ్య అండర్‌స్కోర్ పెట్టాలి. 2014 జనవరిలో 3.13 కెర్నెల్‌తో, మల్టీక్యూ బ్లాక్ లేయర్‌తో (డిస్క్‌కు వెళ్లే పనులను అనేక వరుసల్లో పంపే కెర్నెల్ పొర) పాటే వచ్చింది. ఏ పనీ చేయకుండా "అయిపోయింది" అని చెప్పే డిస్క్ ఇది. కావాలంటే మెమరీలో డేటా దాచుకోమనొచ్చు, జోన్డ్ డిస్క్‌లా నటించమనొచ్చు, ఫలానా సెక్టర్లు చెడిపోయాయని చెప్పొచ్చు. కాన్ఫిగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులను ఫైళ్ల రూపంలో మార్చే చోటు) ఒక డైరెక్టరీ చేసి, లోపలి ఫైళ్లలో విలువలు రాసి, చివర్లో పవర్ అనే ఫైల్‌లో 1 రాస్తే డిస్క్ పుడుతుంది.

రెండోది స్కజీ డీబగ్, స్కజీ డిస్క్‌లా నటించే కెర్నెల్ మాడ్యూల్. ఇది నాకు ఇష్టమైనది, కింద విడిగా రాశాను. మూడోది మామూలు ఫైల్‌ను డిస్క్‌లా చూపించే లూప్. ఎన్‌వీఎంఈ (కొత్త ఎస్‌ఎస్‌డీలు మాట్లాడే పద్ధతి) కావాలంటే క్యూఎంయూ అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రాంలో వర్చువల్ ఎన్‌వీఎంఈ డిస్క్ పెట్టుకోవచ్చు. లేదా కెర్నెల్‌లోనే ఉండి ఎన్‌వీఎంఈ డిస్క్‌లా జవాబిచ్చే ఎన్‌వీఎంఈ టార్గెట్‌ను లూప్ ట్రాన్స్‌పోర్ట్‌తో అదే మెషీన్‌కు కలుపుకోవచ్చు. ఇది 4.8 నుంచి ఉంది.

అసలు డిస్క్ చివర్లో కావాలి, నిజమే. ఫర్మ్‌వేర్ చేసే చిత్రాలు ఏ నకిలీ డిస్కూ చేయలేదు. కానీ "ఇప్పుడు సరిగ్గా ఈ సెక్టర్ దగ్గర చెడిపో" అంటే అసలు డిస్క్ మన మాట వినదు, నకిలీ డిస్క్ వింటుంది.

నా లాప్‌టాప్ మీదే నడపొచ్చా?

వర్చువల్ మెషీన్ లోపల మాత్రమే. ఈ విషయంలో నేను మొండివాణ్ణి.

ఒకప్పుడు నేను చేసిన ఆఫీసులో ల్యాబ్ మెషీన్‌కు రెండు డిస్కులుండేవి. ఎస్‌డీఏలో సిస్టమ్, మా టీమ్ బిల్డులు. ఎస్‌డీబీ టెస్టులకు. కాన్ఫిగ్‌లో ఎస్‌డీబీ అని రాసి నెలల తరబడి నడిపాం. ఒకరోజు రీబూట్ అయ్యాక పేర్లు తారుమారయ్యాయి. ఏ డిస్క్ ముందు దొరికితే దానికి ముందు అక్షరం, కెర్నెల్ ఎవరికీ మాటివ్వలేదు. టెస్ట్ తన పని తాను చక్కగా చేసుకుపోయింది. స్క్రీన్ మీద అన్నీ పాస్. తర్వాత ఎల్‌ఎస్ కొడితే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్. మూడు రోజుల పని పోయింది. కాన్ఫిగ్ రాసింది నేనే, కాబట్టి ఆ రోజు టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

అప్పటి నుంచి అసలు డిస్క్ వాడితే బై-ఐడీ డైరెక్టరీలో సీరియల్ నంబరుతో ఉండే లింకునే నమ్ముతాను. అది కాక, డిస్క్ మీద ఏదైనా మౌంట్ అయి ఉన్నా, పార్టిషన్ టేబుల్ కనిపించినా స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి.

ఏ ఫ్రేమ్‌వర్క్‌తో మొదలుపెట్టాలి?

బ్లాక్‌టెస్ట్స్, అంటే బ్లాక్ లేయర్‌కూ స్టోరేజ్ డ్రైవర్లకూ రాసిన టెస్టుల పొది. ఒమర్ సాండోవల్ 2017లో మొదలుపెట్టారు. టెస్టులన్నీ బాష్ షెల్ స్క్రిప్టులే. బ్లాక్, లూప్, స్కజీ, ఎన్‌వీఎంఈ, జోన్డ్ అని గుంపులుగా ఉంటుంది, ప్రతి టెస్టుకూ మూడంకెల నంబరు. చెక్ అనే స్క్రిప్ట్‌కు గుంపు పేరో టెస్ట్ నంబరో ఇస్తే నడుపుతుంది. న్యూ అనే స్క్రిప్ట్ ఖాళీ టెస్టు తయారుచేసి ఇస్తుంది.

ఒక టెస్ట్ పాసయ్యిందో లేదో అది మూడు రకాలుగా చూస్తుంది. టెస్ట్ ప్రింట్ చేసిన మాటలు పక్కనే ఉన్న అవుట్ ఫైల్‌తో అక్షరం అక్షరం కలవాలి. ఎగ్జిట్ కోడ్ సున్నా కావాలి. టెస్ట్ నడుస్తున్నంతసేపూ డీమెసేజ్‌లో, అంటే కెర్నెల్ లాగ్‌లో, వార్నింగో, బగ్గో, ఊప్సో (కెర్నెల్ తడబడ్డప్పుడు వేసే రిపోర్టు) పడకూడదు. మూడోది బంగారం. మీ టెస్ట్ చూసుకోని తప్పును కూడా కెర్నెల్ తానే గొంతెత్తి చెబుతుంది. కాకపోతే ఆ గొంతు లేవాలంటే డీబగ్ కెర్నెల్ కట్టాలి: కాసాన్ (మెమరీ తప్పుగా ముట్టుకుంటే పట్టేది), లాక్‌డెప్ (లాకుల వరుస తప్పితే పట్టేది), కెమెమ్‌లీక్ (వదిలేసిన మెమరీని పట్టేది) ఆన్ చేసి. నెమ్మదిగా నడుస్తుంది, భరించాలి. ఇవి లేని కెర్నెల్ మీద టెస్టులు నడపడం గుడ్డిగుర్రానికి పళ్లు తోమడమే.

ఫైల్ సిస్టమ్ దాకా వెళ్లే విషయమైతే ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ చూడండి. ఎస్‌జీఐ కంపెనీలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ కోసం పుట్టింది, ఇప్పుడు అన్ని ఫైల్ సిస్టమ్స్‌కూ అదే గీటురాయి. డిస్కే అక్కర్లేని లెక్కలు, అంటే ఒక ఫంక్షన్‌కు ఇది ఇస్తే అది వస్తుందా అనేవి, 5.5 నుంచి ఉన్న కేయూనిట్‌లో రాయడం తేలిక.

మొదటి టెస్ట్ ఏది రాయమంటారు?

రెండు చెబుతాను. సాయంత్రంలోగా రెండూ అయిపోతాయి.

ఒకటి, లూప్ మీద డిస్కార్డ్. 100 ఎంబీల ఖాళీ ఫైల్ ట్రంకేట్‌తో చేయండి, లూప్‌కు తగిలించండి. ఫైల్ నిజంగా ఎంత చోటు తింటోందో చెప్పే డీయూతో కొలిస్తే సున్నా. లూప్ మీద డీడీతో (బ్లాకులు కాపీ చేసే కమాండ్) డైరెక్ట్‌గా, అంటే కెర్నెల్ డేటాను మెమరీలో దాచుకునే పేజ్ క్యాష్‌ను దాటేసి, 64 ఎంబీలు రాయండి, సింక్ కొట్టండి, డీయూ 64 చూపిస్తుంది. ఇప్పుడు డిస్కార్డ్ పంపే బీఎల్‌కేడిస్కార్డ్ కమాండ్ నడిపితే డీయూ మళ్లీ సున్నాకు వస్తుంది. లూప్ డ్రైవర్ డిస్కార్డ్‌ను కింది ఫైల్‌లో రంధ్రం చేయమనే పిలుపుగా మారుస్తుంది. ఎక్స్‌ట్4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, టీఎంపీఎఫ్‌ఎస్ ఆ పిలుపును అందుకుంటాయి. డిస్కార్డ్ కింది దాకా వెళ్లిందనడానికి ఇంతకన్నా కంటికి కనిపించే సాక్ష్యం లేదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు: డిస్కార్డ్ చేశాక చదివితే సున్నాలే రావాలని టెస్టులో రాస్తారు. లూప్ మీద వస్తాయి. అసలు డిస్కుల మీద ఆ హామీ లేదు. డిస్కార్డ్ సలహా మాత్రమే, డిస్క్ పెడచెవిన పెట్టొచ్చు. సున్నాలే కావాలంటే రైట్ జీరోస్ అని వేరే ఆపరేషన్ ఉంది. డిస్కార్డ్ తర్వాత సున్నాలొస్తాయా అని చెప్పే సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ తన వివరాలు చూపించే చోటు) ఫైల్ ఒకటుంది, 4.12 నుంచి అది ఎప్పుడూ సున్నా అనే చెబుతుంది.

రెండోది, చెడిపోయిన సెక్టర్. స్కజీ డీబగ్‌ను ఆప్ట్స్ విలువ 2తో లోడ్ చేయండి. 8 ఎంబీల డిస్క్ వస్తుంది, అంటే 16384 సెక్టర్లు. అందులో 4660వ సెక్టర్ దగ్గర చదివితే మీడియం ఎర్రర్ వస్తుంది. 4660 ఏమిటి, ఇదేం అంకె అంటే, హెక్సాలో 1234. రాసినవాళ్ల సరదా. డీడీలో బ్లాక్ సైజు 512, ఇన్‌పుట్ ఫ్లాగ్ డైరెక్ట్ పెట్టి, 4659 చదవండి: వస్తుంది. 4660 చదవండి: ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్. డీమెసేజ్‌లో సెక్టర్ నంబరుతో సహా క్రిటికల్ మీడియం ఎర్రర్ అని లైన్ పడుతుంది.

ఇప్పుడు ఆ డైరెక్ట్ ఫ్లాగ్ తీసేసి 4659 మళ్లీ చదవండి. ఈసారి అది కూడా ఫెయిల్! డిస్క్ మారలేదు, సెక్టర్ మారలేదు. డైరెక్ట్ లేకపోతే కెర్నెల్ 4096 బైట్ల పేజీ లెక్కన చదువుతుంది. 4659 ఉన్న పేజీలో 4656 నుంచి 4663 వరకు ఎనిమిది సెక్టర్లున్నాయి, వాటిలో 4660 కూడా ఉంది. ఇది మొదటిసారి చూసిన అమ్మాయి ఒకతె "సార్, డిస్క్ నిజంగానే పాడైపోయిందేమో" అంది. మెమరీలో ఉన్న డిస్క్ అది! ఈ ఒక్క ప్రయోగంతో పేజ్ క్యాష్ ఎందుకుందో, డైరెక్ట్ ఎందుకు వాడాలో పుస్తకం లేకుండా అర్థమైపోతుంది.

టెస్ట్ పాసయ్యింది. ఇక పంపేయొచ్చా?

ఫెయిలవడం చూశారా? చూడకపోతే వద్దు.

నేను చెప్పదలుచుకున్నదంతా నిజానికి ఈ ప్రశ్నలోనే ఉంది. పాసైన టెస్ట్‌కు రెండే అర్థాలు: కోడ్ బాగుంది, లేదా టెస్ట్ ఏమీ చూడట్లేదు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మా టీమ్‌లో జరిగింది చెబుతాను. నల్‌బ్లాక్ మీద 4096 బైట్లు రాసి, తిరిగి చదివి, పోల్చే చిన్న సీ ప్రోగ్రాం. రోజుల తరబడి పాస్. ఒకరోజు చూస్తే నల్‌బ్లాక్‌కు మెమరీ ఆప్షన్ ఆన్ చేయడమే మరిచిపోయాం. అంటే ఆ డిస్క్ ఒక్క బైటు కూడా దాచుకోవట్లేదు. అయినా రాసింది తిరిగి వస్తోంది! ఎలా? ఫైల్ మూయకుండా అక్కడే చదవడం వల్ల డేటా పేజ్ క్యాష్ నుంచి వస్తోంది, డిస్క్ దాకా పోవడమే లేదు.

సరే, డైరెక్ట్‌గా తెరిచాం. ఇప్పుడు ఫెయిలవ్వాలి కదా? మళ్లీ పాస్. అరగంట తల పట్టుకున్నాం. చివరికి తేలిందేమిటంటే, రాయడానికి, చదవడానికి ఒకే బఫర్ వాడుతున్నాం. మా కెర్నెల్‌లో నల్‌బ్లాక్ చదివినట్టు నటించి బఫర్‌ను ముట్టుకోకుండా వదిలేస్తోంది. పాత డేటా అందులోనే ఉంది, దాన్ని దానితోనే పోల్చుకుని మురిసిపోతున్నాం. చదివే ముందు బఫర్ నిండా చెత్త విలువ నింపాక, అప్పుడు టెస్ట్ ఫెయిలయ్యింది. ఫెయిలైనందుకు చప్పట్లు కొట్టుకున్న సందర్భం నా సర్వీసులో అదొక్కటే.

అందుకే నా దగ్గరికి టెస్ట్ వస్తే నేను అడిగేది ఒకటే. బగ్ ఫిక్స్‌కు రాసిన టెస్ట్ అయితే, ఆ ఫిక్స్ తీసేసిన కెర్నెల్ మీద ఎర్రగా పడిన అవుట్‌పుట్ చూపించు. కొత్త ఫీచర్‌కైతే, డ్రైవర్‌లో ఒక లైన్ కావాలని తప్పు రాసి, టెస్ట్ పట్టుకుంటుందో లేదో చూపించు. పది నిమిషాల పని. దీనికి విసుక్కునేవాళ్లే తర్వాత రాత్రి రెండింటికి ఫోన్ చేస్తారు.

స్కిప్ అంటే పాసే కదా?

కాదు. మాడ్యూల్ లేదు, ప్రోగ్రాం లేదు, డిస్క్‌కు ఆ ఫీచర్ లేదు అంటే టెస్ట్ నడవలేదని అర్థం. బ్లాక్‌టెస్ట్స్‌లో దీనికి రిక్వయర్స్ అనే ఫంక్షన్ ఉంది. కావలసినవి అక్కడ రాస్తే, లేనప్పుడు నాట్ రన్ అని కారణంతో సహా చూపిస్తుంది. ప్రతి వారం ఆ నాట్ రన్ జాబితా ఒకసారి చదవండి. ఎవరో కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఒక ఆప్షన్ ఆపేస్తే, ఒక గుంపు గుంపంతా నిశ్శబ్దంగా స్కిప్ అవుతూ రిపోర్ట్ పచ్చగా మెరుస్తుంటుంది.

ఎగ్జిట్ కోడ్‌తో ఇంకో చిక్కు. కెర్నెల్ సోర్స్‌తోనే వచ్చే సెల్ఫ్‌టెస్ట్స్‌లో స్కిప్ అంటే 4. బగ్ తెచ్చిన కమిట్‌ను (కోడ్ మార్పును) సగం సగం చేస్తూ వెతికే గిట్ బైసెక్ట్ రన్‌కు స్కిప్ అంటే 125. బైసెక్ట్ 4ను చూస్తే "ఈ కమిట్ చెడ్డది" అనుకుంటుంది. ఈ తేడా పట్టించుకోక, రాత్రంతా బైసెక్ట్ నడిపి, పొద్దున్నే ఏ పాపం ఎరగని ఒక డాక్యుమెంటేషన్ కమిట్‌ను దోషిగా తేల్చాం ఒకసారి. ఆ కమిట్ రాసినాయనకు మెయిల్ పెట్టకముందే తెలిసింది కాబట్టి పరువు దక్కింది. బైసెక్ట్‌కు ఇచ్చే ముందు మధ్యలో చిన్న స్క్రిప్ట్ పెట్టి 4ను 125గా మార్చండి.

ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. ఏం చేయాలి?

ముందు రీరన్ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి. ఇలాంటి వాటిలో సగం మన స్క్రిప్ట్ తప్పులు, మిగతావి కెర్నెల్‌లో నిజమైన రేస్ కండిషన్లు, అంటే రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్న దాన్ని బట్టి వచ్చే తప్పులు. వెతక్కుండా ఏది ఏదో తెలియదు.

మన వైపు తప్పుల్లో నేను ఎక్కువగా చూసేది యూడెవ్, కొత్త పరికరం రాగానే దాన్ని చూసుకునే లైనక్స్ సర్వీసు. డిస్క్ పుట్టగానే యూడెవ్ దాన్ని తెరిచి తొంగి చూస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు మాడ్యూల్ తీసేయబోతే "వాడుకలో ఉంది" అని తిట్టు పడుతుంది. చాలామంది మధ్యలో స్లీప్ 5 పెడతారు. మీ మెషీన్‌లో ఐదు సెకన్లు చాలతాయి, కాసాన్ కెర్నెల్‌లో చాలవు, పైగా 200 టెస్టులకు ఐదేసి సెకన్లంటే పావుగంటకు పైనే ఊరికే కూర్చోవాలి. స్లీప్ బదులు, యూడెవ్ పని అయ్యేదాకా ఆగే యూడెవ్ఏడీఎం సెటిల్ పిలవండి. లేదా మీకు కావలసిన స్థితి వచ్చేదాకా చిన్న చిన్న విరామాలతో చూస్తూ, ఒక గడువు దాటితే ఫెయిల్ అనండి.

రెండోది, ముందు టెస్ట్ వదిలేసిన చెత్త. లూప్ విప్పలేదు, మౌంట్ తీయలేదు. మధ్యలో కంట్రోల్-సీ కొట్టినా శుభ్రం చేసేలా ట్రాప్ పెట్టండి.

ఇవన్నీ సరిచేసినా వందలో ఒకసారి ఫెయిలైతే సంతోషించండి, అసలు బగ్ దొరికినట్టే. ఒకే టెస్ట్‌ను రాత్రంతా లూప్‌లో తిప్పండి, పక్కన సీపీయూ మీద భారం పెట్టండి, ప్రతి ఫెయిల్‌కూ డీమెసేజ్ దాచండి.

కరెంట్ పోతే డేటా ఉంటుందా లేదా అని టెస్ట్ చేయాలంటే ప్లగ్ పీకాలా?

హైదరాబాద్‌లో వేసవి గాలివాన వస్తే ఆ టెస్ట్ ఉచితంగానే జరుగుతుంది! కానీ అది టెస్ట్ కాదు, ఎందుకంటే అదే క్షణంలో మళ్లీ పీకలేం.

దీనికి డివైస్ మ్యాపర్‌లో (అసలు డిస్క్ మీద ఇంకో డిస్క్‌ను పేర్చే కెర్నెల్ భాగం) లాగ్ రైట్స్ అనే టార్గెట్ ఉంది, 4.1 నుంచి. డిస్క్‌కు వెళ్లే ప్రతి రైట్‌నూ, ఫ్లష్ ఎక్కడ వచ్చిందో గుర్తుతో సహా, పక్క డిస్క్‌లో వరుసగా రాసుకుంటుంది. తర్వాత ఆ చిట్టాను మొదటి ఫ్లష్ దాకా మళ్లీ ఆడించి, ఫైల్ సిస్టమ్ బాగుందో లేదో చూసే ఎఫ్‌ఎస్‌సీకే నడపొచ్చు, రెండో ఫ్లష్ దాకా ఆడించి నడపొచ్చు, ఇలా ప్రతి చోటా "ఇక్కడ కరెంట్ పోయి ఉంటే" అని అడగొచ్చు. ఇదే కుటుంబంలోని ఫ్లేకీ అనే టార్గెట్, చెప్పినన్ని సెకన్లు బాగుండి, ఆ ఆప్షన్ ఇస్తే చెప్పినన్ని సెకన్లు రైట్లను మింగేస్తుంది. ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో రెండూ వాడతారు.

డిస్క్ లోపలి క్యాష్ నిజంగా మీడియా మీదికి దిగిందా అన్నది మాత్రం అసలు డిస్క్‌నే అడగాలి. అప్పుడు ప్లగ్ పీకక తప్పదు, కాకపోతే చేత్తో కాకుండా నెట్‌వర్క్‌తో ఆపగలిగే పవర్ స్ట్రిప్‌తో.

జోన్డ్ డిస్క్ నా దగ్గర లేదు. మరి?

నల్‌బ్లాక్‌లో జోన్డ్ ఆప్షన్ 4.19 నుంచి ఉంది. జోన్ సైజు చెప్పకపోతే 256 ఎంబీలు. బీఎల్‌కేజోన్ కమాండ్‌తో రిపోర్ట్ తీస్తే, తర్వాతి రైట్ ఎక్కడ పడాలో చెప్పే రైట్ పాయింటర్ కనిపిస్తుంది. అక్కడ రాస్తే రాయాలి, దాటి రాస్తే ఎర్రర్ రావాలి, రీసెట్ చేస్తే పాయింటర్ జోన్ మొదటికి రావాలి. ఎర్రర్ రావాలన్న రెండోదాన్ని మరవకండి.

స్పీడ్ కూడా టెస్టులో కొలవాలా?

పాస్, ఫెయిల్ టెస్టులో వద్దు. వర్చువల్ మెషీన్‌లో డిస్క్ వేగం కొలిచే ఎఫ్‌ఐఓ చూపించే అంకె పక్కవాడు కెర్నెల్ కంపైల్ చేస్తుంటే ఒకలా, భోజనానికి వెళితే ఇంకోలా ఉంటుంది. స్పీడ్ కొలవాలంటే వేరే మెషీన్, వేరే పట్టిక. బ్లాక్ లేయర్ తన వంతుగా ఎంత సమయం తింటోందో చూడ్డానికి మాత్రం ఏ పనీ చేయని నల్‌బ్లాక్ బాగా పనికొస్తుంది. ఎఫ్‌ఐఓను డేటా సరిచూడ్డానికి కూడా వాడండి, వెరిఫై ఆప్షన్ అందుకే ఉంది. దాన్ని రాసిన జెన్స్ ఆక్స్‌బోయే లైనక్స్ బ్లాక్ లేయర్‌కు మెయింటెయినర్ కూడా.

బాష్ వస్తే చాలా, సీ కూడా రావాలా?

టెస్ట్ రాయడానికి బాష్ చాలు. ఫెయిలైన టెస్ట్ ఎందుకు ఫెయిలయ్యిందో చదవడానికి సీ కావాలి. జీతం రెండో పనికి ఎక్కువ.

శనివారం వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

8 జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి. లోపల లైనక్స్ వర్చువల్ మెషీన్, అందులో కెర్నెల్ సోర్స్ ముందే క్లోన్ చేసి ఉంచండి, మేడ మీద వైఫై అంతంతమాత్రం. చార్జర్ మరవొద్దు, ప్లగ్ పాయింట్లు మూడే ఉన్నాయి. పదకొండింటికి సందు చివర ఇరానీ హోటల్‌లో చాయ్. ఆ వారంలో తన టెస్ట్ ఫెయిలవడం చూపించలేకపోయినవాళ్లు ఉస్మానియా బిస్కెట్లు కొనాలి.